టైపింగ్ రాని తెలుగు మేడమ్

జనవరిలో సెలవుల తర్వాత బడి తెరిచే రోజు పొద్దున్నే ద్వారకలో మా సొసైటీ గేటు దగ్గర నిలబడితే, రోడ్డుకు అవతల ఏముందో కనబడేది కాదు. స్కూలు బస్సు ముందు హారన్ మోతగా, తర్వాత రెండు పసుపు దీపాలుగా, చిట్టచివర బస్సుగా వచ్చేది. నేను రెండు స్వెటర్లు, పైన శాలువా, చెవులకు మఫ్లరు, చీర కుచ్చిళ్ళ కింద మా అబ్బాయి పాత బూట్లు వేసుకుని ఎక్కేదాన్ని. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని. ఆ వేషంలో మా అమ్మ చూసి ఉంటే నన్ను గుర్తుపట్టేది కాదు. మెట్రో మా ద్వారకకు కొత్తగా వచ్చిన రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొగమంచు మీద కూడా ప్రేమ పుట్టుకొస్తోంది కానీ, అప్పుడు మాత్రం తిట్టుకుంటూనే బస్సెక్కేదాన్ని.

మావారిది కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం. అలా ఢిల్లీ చేరాం. తెలుగువాళ్ళ పిల్లల కోసం నడిచే ఒక స్కూల్లో నేను తెలుగు చెప్పేదాన్ని. పిల్లల్లో సగం మంది సర్కారు ఉద్యోగుల పిల్లలు, మిగతావాళ్ళలో చాలామంది కంటోన్మెంట్ నుంచి వచ్చే సైనికుల పిల్లలు. అందరికీ తెలుగు అర్థమయ్యేది. జవాబు మాత్రం హిందీలో వచ్చేది. "అన్నం తిన్నావా?" అంటే "ఖా లియా మేడమ్" అనేవాళ్ళు. చదవమంటే ఒక్కో అక్షరాన్నీ అనుమానంగా చూసేవాళ్ళు, అది కరుస్తుందేమో అన్నట్టు.

మా ప్రిన్సిపాల్ మేడమ్ పంజాబీ ఆవిడ. తెలుగులో ఆవిడకు "నమస్కారం", "కూర్చోండి" తప్ప మూడో మాట రాదు. మనిషి మంచిదే కానీ ఏ పనికైనా లెక్క చూపించమనేది. ఆవిడ పెట్టిన ఆనవాయితీ ఒకటి ఉండేది. కొత్త సంవత్సరంలో బడి తెరిచిన మొదటి రోజు పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, టీచర్లను ఒక్కొక్కరినే మైకు దగ్గరకు పిలిచేది. ఈ ఏడాది ఎన్ని పుస్తకాలు చదువుతారో, కంప్యూటర్ మీద కొత్తగా ఏం నేర్చుకుంటారో అందరి ముందూ చెప్పాలి. దానికంటే ముందు, కిందటేడు చెప్పినది అయిందో కాలేదో కూడా చెప్పాలి. అనుమానం వస్తే ఆవిడ పిల్లలనే అడిగేది. టీచర్లు ప్రిన్సిపాల్‌కి భయపడరనీ, పిల్లలకే భయపడతారనీ ఆవిడ నమ్మకం. ఆ మాట నిజమేనని ఒప్పుకోవాలి.

అన్నేళ్ళలో ఒక్కరు కూడా ఆ మైకు ముందు "కాలేదు" అన్న పాపాన పోలేదు. డ్రిల్లు సారు ప్రతి ఏడూ యోగా మీద అదే లావుపాటి పుస్తకం చదువుతానని చెప్పి, మరుసటి జనవరిలో "అయింది" అనేవాడు. నాకు పుస్తకాల సంగతిలో బెంగ లేదు. బస్సులో చదివేదాన్ని, కుక్కర్ విజిల్ కోసం చూస్తూ చదివేదాన్ని. మైకు ముందు ఆ సంఖ్య చెప్పేటప్పుడు కాస్త గొంతు పెంచేదాన్ని కూడా. కంప్యూటర్ దగ్గరే తప్పించుకు తిరిగేదాన్ని. "ఈమెయిల్ పంపడం నేర్చుకుంటాను" అని వరసగా కొన్నేళ్ళు చెప్పాను. నేర్చుకున్నాను కూడా. పంపడానికే ఎవరూ లేరు.

అసలు గొడవ ఆరో తరగతి వాళ్ళ శుక్రవారం ఆఖరి పీరియడ్ దగ్గర వచ్చింది. టైంటేబుల్లో దాని పేరు తెలుగు పఠనం. అందులో నోట్సు లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు. స్టాఫ్‌రూములో ఉన్న ట్రంకుపెట్టెలోంచి కథల పుస్తకాలు తెచ్చి పంచేదాన్ని. నిజం చెప్పాలంటే పిల్లలు బొమ్మలు చూసి పేజీలు తిప్పేసేవాళ్ళు. అప్పుడు నేనే పైకి చదివేదాన్ని, వాళ్ళు గడ్డం కింద చేతులు పెట్టుకుని వినేవాళ్ళు. వారం మొత్తంలో మార్కుల భయం లేకుండా వాళ్ళు తెలుగుతో కూర్చునేది ఆ ఒక్క పీరియడే.

డిసెంబరులో సెలవులకు ముందు ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది.

"తెలుగు మేడమ్, ఏప్రిల్ నుంచి ఆ పీరియడ్ కంప్యూటర్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నాను" అంది హిందీలో. "మార్కులు లేవు, టెస్టు లేదు. పిల్లలు చేసేదేముంది, బచ్చే కర్తే క్యా హైఁ?"

"వింటారు" అన్నాను.

"వినడానికి ఇంట్లో టీవీ ఉంది కదా" అంది నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కోపం కాదు, జవాబు తోచనందుకు నా మీదే. ఆ సెలవుల్లో రజాయి కింద పడుకుని అదే ఆలోచన. ఆ పీరియడ్ పోతే ఆ పిల్లలకు తెలుగంటే ప్రశ్నలూ ఖాళీలూ తప్ప మరేమీ మిగలదు. పదో తరగతి కాగానే దులుపుకుని వెళ్ళిపోతారు. మా అబ్బాయి అలాగే వెళ్ళాడు. ఇంట్లో తెలుగు టీచర్ని పెట్టుకుని, వాడు తెలుగు పేపర్లో సినిమా బొమ్మలు తప్ప ఏమీ చూడడు. ఆ దిగులు నాకు లోపల ఉండనే ఉంది.

జనవరిలో మైకు నా చేతికొచ్చింది. పుస్తకాల సంఖ్య చెప్పాను. చప్పట్లు కొట్టారు. తర్వాత ఏం పూనిందో గానీ, "ఈ ఏడాది తెలుగు టైపింగ్ నేర్చుకుంటాను. నా శుక్రవారం పీరియడ్ ఇకనుంచి కంప్యూటర్ గదిలోనే. ఆరో తరగతి పిల్లలతో కూర్చుని ఒక కథల పుస్తకం మొత్తం కంప్యూటర్లోకి ఎక్కిస్తాను" అనేశాను. ప్రిన్సిపాల్ మేడమ్ మొహం విచ్చుకుంది. మార్చిలో చూసి నిర్ణయిద్దామంది. వెనక వరసలో కంప్యూటర్ సారు మాత్రం నోరు తెరిచి నన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సారుది కరీంనగర్. నోయిడాలో అన్నావదినల దగ్గర ఉంటూ రెండు బస్సులు మారి వచ్చేవాడు. వయసులో చిన్నవాడు, ఓర్పులో మాత్రం నాకంటే పెద్ద. కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి కాబట్టి, తెలుగు అక్షరాలు చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాసి ఒక్కో కీ మీదా అంటించాడు. మొదటి రోజు నేను మీటలను పిండి రుబ్బినట్టు నొక్కుతుంటే పక్కన నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"మేడమ్, గంత గట్టిగ గుద్దకుండ్రి. పలుగుతది."

"మరి పడట్లేదేంటయ్యా అక్షరం?"

"పడ్డది మేడమ్. పన్నెండు సార్లు పడ్డది. జర స్క్రీన్ దిక్కు చూడుండ్రి."

చూస్తే నిజమే, వరసంతా 'క' బారులు తీరి ఉంది. పిల్లలు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

నా కళ్ళజోడుతో ఇంకో చిక్కు వచ్చింది. పుస్తకం చూస్తే మీటలు కనబడవు, మీటలు చూస్తే పుస్తకంలో వరస తప్పిపోతుంది. అందుకని ఒక పిల్లనో పిల్లవాణ్ణో పుస్తకం పట్టుకుని చదవమన్నాను. ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం. మిగతావాళ్ళు నా చుట్టూ మూగి అక్షరం ఎక్కడుందో వెతికిపెట్టాలి. మేం ఎంచుకున్నది ఒక ముసలమ్మ, ఆవిడ గేదె కథ. సంతకు తోలుకెళ్తుంటే దారిలో కాలవ అడ్డొస్తుంది. గేదె కాలవ దాటనని మొరాయిస్తుంది. ముసలమ్మ బతిమాలుతుంది, తిడుతుంది, పాట పాడుతుంది. అదీ కథ.

ఒత్తుల దగ్గర నేను పూర్తిగా చేతులెత్తేశాను. 'ముక్కు' అని కొట్టాలంటే ఒత్తుకి వేరే మీట లేదు. 'క' కొట్టి, పొల్లు కొట్టి, మళ్ళీ 'క' కొట్టి, దానికి కొమ్ము పెట్టాలి. అప్పుడు స్క్రీను మీద రెండు అక్షరాలూ ఒకదాని కింద ఒకటి చేరిపోయేవి. అది చూసి పిల్లలు తెగ సంబరపడ్డారు. "మేడమ్, ఫిర్ సే, ఫిర్ సే" అని మళ్ళీ మళ్ళీ కొట్టించారు. అన్నేళ్ళుగా బోర్డు మీద సుద్దముక్కతో నేను ఎన్ని సార్లు రాసి చూపించినా ఎక్కని ఒత్తులు, వాళ్ళే విడగొట్టి నాకు చెప్పాల్సి వచ్చేసరికి వాటంతటవే ఎక్కాయి. నేను ఎంత నెమ్మదిగా కొడితే వాళ్ళకు అంత సమయం దొరికేది. ఎవరైనా ఒక మాట దగ్గర తడబడినా సిగ్గుపడేవారు కాదు, ఎందుకంటే అంతకు ముందు మాట దగ్గరే నేనింకా తడుముకుంటూ ఉండేదాన్ని.

ఆ లెక్కన గేదె ఎన్ని శుక్రవారాలైనా కాలవ ఒడ్డునే నిలబడి ఉండేది. బెల్లు కొట్టేసరికి ముసలమ్మ తాడు పట్టుకుని లాగుతూనే ఉండేది. పిల్లలు ఉసూరుమంటూ బస్సెక్కేవాళ్ళు. ఒక రోజు కారిడార్లో కంప్యూటర్ సారు కూడా నన్ను ఆపాడు.

"మేడమ్, ఇంతకూ ఆ బర్రె దాటుతదా, దాటదా?"

"పుస్తకం అక్కడే ఉంది కదా, చదువుకో" అన్నాను.

"వద్దు మేడమ్, శుక్రారమే చూస్త."

కంటోన్మెంట్ నుంచి వచ్చే హవల్దారుగారి అమ్మాయి ఒకతి ఉండేది. రెండు జడలు, ముందు పన్ను కొంచెం విరిగి ఉండేది. ఆ పిల్లకు అంత ఓపిక లేకపోయింది. ట్రంకుపెట్టెలోంచి ఆ పుస్తకం తీసుకెళ్ళి, ఇంట్లో కూర్చుని, కథ చివరిదాకా చదివేసి, మర్నాడు బస్సంతా చాటేసింది. నాకు తెలిసేసరికి కోపం నెత్తికెక్కింది. ఎవరిని అడిగి తీశావని అందరి ముందూ కేకలేశాను. ఆ పిల్ల తల దించుకుని, "సారీ మేడమ్, రహా నహీ గయా" అంది. ఉండబట్టలేక చదివిందట. తెలుగు పుస్తకాన్ని ఉండబట్టలేక చదివిందట! నేను తిట్టడం ఆపి స్టాఫ్‌రూముకి పోయి కుర్చీలో కూలబడ్డాను. ఇంత ఆనందంలో ఏడుపు ఎందుకొస్తుందో నాకిప్పటికీ తెలియదు.

మార్చిలో మా పరీక్ష వచ్చింది. స్కూలు కమిటీలో ఒక పెద్దాయన, ఉత్తరాది ఆయనే, ప్రిన్సిపాల్ మేడమ్‌తో కలిసి మా పని చూడటానికి వస్తున్నారన్నారు. హాల్లో పెద్ద తెర, దానికి ప్రొజెక్టరు, ప్రొజెక్టరుకి ఒక పాత కంప్యూటరు. మేం ల్యాబులో కొట్టిన కథను సీడీలో ఎక్కించుకొచ్చి కంప్యూటర్ సారు ఆ పాత మెషీన్లో పెట్టాడు. తెర వెలిగింది. తెర నిండా పెట్టెలు. గళ్ళ చొక్కాలోలా వరసలు వరసలుగా చిన్న చిన్న ఖాళీ పెట్టెలు, మధ్యలో అక్కడక్కడా ఒక ఫుల్‌స్టాపు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

"తెలుగు ఫాంట్ లేదు మేడమ్ ఈ మెషీన్ల" అన్నాడు సారు నా చెవి దగ్గర, మొహం పాలిపోయి.

"ఇప్పుడెలా?"

"ఇప్పుడైతే ఏం కాదు."

అయిపోయిందనుకున్నాను. నా పీరియడ్ అక్కడే ఆ పెట్టెల్లో పడి పోయిందనుకున్నాను. ప్రిన్సిపాల్ మేడమ్ మొదలుపెట్టమని చెయ్యి ఊపింది. నేను నోరు తెరిచేలోపు హవల్దారుగారి అమ్మాయి లేచి, టీచరు బల్ల మీది చెక్క స్కేలు తీసుకుని, తెర దగ్గరకు వెళ్ళి మొదటి పెట్టె మీద పెట్టింది. కథ చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పెట్టె మీదా స్కేలు జరుపుతూ, ఫుల్‌స్టాపు దగ్గర ఆగుతూ, ముసలమ్మ తిట్టే చోట గొంతు పెంచుతూ చదివింది. ఆ పిల్ల ఆగిన చోట పక్క పిల్లాడు అందుకున్నాడు. ఒక్కో మాటా వెతికి వెతికి నా చేత కొట్టించిన కథ, వాళ్ళకు కంఠతా వచ్చేసింది.

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. తెర వైపు తల వంచి చూసి, "వాహ్! తెలుగు లిపి కిత్నీ సాఫ్ హై. సబ్ అక్షర్ బరాబర్" అన్నాడు. అక్షరాలన్నీ ఒకే కొలతలో ఎంత పొందికైన లిపో అని ప్రిన్సిపాల్ మేడమ్ కూడా తలూపింది. కంప్యూటర్ సారు కిందకి వంగి, బూటు తాడు కట్టుకుంటున్నట్టు నటిస్తూ భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నా లిపికి జరిగిన అవమానానికి నేను కోప్పడాలా, నవ్వాలా తెలియక, "థాంక్యూ సార్" అన్నాను.

అలా ఆ ఏడాదికి పీరియడ్ దక్కింది, ఏప్రిల్లో ఏడో తరగతికి వెళ్ళినా ఆ పిల్లలకే ఉంచుతామన్నారు. కానీ ప్రిన్సిపాల్ మేడమ్ మర్నాడు నన్ను పిలిచి, మెచ్చుకుంటూనే ఒక మాట అంది. మీరు టైపింగ్ నేర్చుకునేదాకా పిల్లలతో కూర్చోండి, నాకేం అభ్యంతరం లేదు. బాగా వచ్చేశాక ఇంటి దగ్గరే అన్ని కథలూ కొట్టేసి సీడీ చేసి పిల్లలకిచ్చేయండి, వాళ్ళు ఇంట్లో చదువుకుంటారు, పీరియడ్ మిగులుతుంది, అంది. ఆవిడ లెక్కలో తప్పేమీ లేదు. ఇంటికెళ్ళి ఆ సీడీ పెట్టుకుని ఒక్క పిల్ల కూడా చదవదని ఆవిడకు నేనెలా చెప్పేది? నాకు టైపింగ్ వచ్చిన రోజున ఆ పీరియడ్ పోతుంది, అంతే. బడిలో ఏ మాటా పిల్లల దగ్గర దాగదని మాత్రం నాకు అప్పుడు తోచలేదు.

ఇక చూడండి నా అవస్థ. నేర్చుకోకూడదనుకున్న పని ఎంత త్వరగా వచ్చేస్తుందో! వేసవి సెలవులు అయ్యేసరికి నా వేళ్ళకు మీటలు తెలిసిపోయాయి. కాగితం ముక్కలు చెమటకు అరిగి ఊడిపోయినా నాకు అవసరం లేకపోయింది. ఒక శుక్రవారం ఒక పిల్లాడు చదువుతుంటే, నేను పరధ్యానంగా వాడికంటే ముందే వాక్యం పూర్తి చేసేశాను. వాడు ఆగిపోయాడు. "మేడమ్, ఆప్ తో ఆగే నికల్ గయే" అన్నాడు చిన్న గొంతుతో. ఆ తర్వాతి వాక్యాన్ని గబగబా మింగేశాడు. చుట్టూ మూగిన పిల్లలకు వెతకడానికేమీ లేక ఒక్కొక్కరే జారుకుని కిటికీ దగ్గర చేరారు.

ఆ మరుసటి వారం నుంచి మళ్ళీ తడుముకోవడం మొదలుపెట్టాను. "ఏమర్రా, 'మ' ఎక్కడుంది?" అనేదాన్ని. అందరూ మళ్ళీ మీద పడేవాళ్ళు. ఒకసారి కంప్యూటర్ సారు అటుగా వెళ్తూ, "మేడమ్, 'మ' మీ ఏలు కిందనే ఉన్నది గద" అన్నాడు. నేను తలెత్తి ఒక చూపు చూశాను. అతను పిల్లల వైపు చూసి, "అచ్ఛా" అని మెల్లగా వెళ్ళిపోయాడు.

మళ్ళీ జనవరి వచ్చింది. హాల్లో పిల్లలు, మైకు, చలి. డ్రిల్లు సారు యోగా పుస్తకం అయిందన్నాడు. నేను ఎవరికీ తగ్గి మాట్లాడే మనిషిని కాదు. అత్తగారింట్లో, ఆఖరికి బస్సు కండక్టరు దగ్గర కూడా నాకు చేతకాదని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఏడో తరగతికొచ్చిన మా పిల్లలు అప్పుడింకా ముందు వరసల్లోనే ఉన్నారు. నా వేళ్ళు ఎంత వేగంగా నడుస్తాయో వాళ్ళు కళ్ళారా చూశారు.

"పుస్తకాలు అయ్యాయి" అన్నాను. "టైపింగ్ కాలేదు."

ఆ మైకులోంచి ఆ మాట ఎవరూ విని ఎరుగరు. ప్రిన్సిపాల్ మేడమ్ కళ్ళజోడు సవరించుకుంది. "నహీ హువా? ఏడాది మొత్తం కూర్చున్నారు కదా?" అని కంప్యూటర్ సారు వైపు తిరిగింది. అతను స్పీకరు వైరుకేదో అయినట్టు దాన్నే పట్టుకుని చూస్తున్నాడు. ఆవిడ పిల్లల వైపు తిరిగింది.

"ఏడో తరగతి, మీరు చెప్పండి. మేడమ్ కో టైపింగ్ ఆయీ?"

నేను వాళ్ళ మొహాలు చూడలేకపోయాను. నేనాడిన అబద్ధం ఆ పిల్లల నోటితోనే బయటపడబోతోందనుకున్నాను, అది న్యాయమే అనుకున్నాను. హవల్దారుగారి అమ్మాయి లేచి నిలబడింది. ప్రిన్సిపాల్ మేడమ్‌కి జవాబు హిందీలో చెప్పింది, చాలా గంభీరంగా, మేడమ్‌కి ఇంకా ఏమీ రాదనీ, తాము చెప్పకపోతే ఒక్క మాట కూడా కొట్టలేరనీ. వెనకనుంచి మిగతా తరగతంతా "హాఁ మేడమ్, బిల్కుల్ నహీ ఆతా" అని అరిచింది.

"సరే, అయితే ఈ ఏడాది కూడా కూర్చోండి" అంది ప్రిన్సిపాల్ మేడమ్ నిట్టూర్చి.

నేను మైకు వదిలి మెట్లు దిగుతుంటే ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. నా వైపు తిరిగి, ఈసారి తెలుగులో, "మేడమ్, మీకు ఒత్తులు అసలు రావు. మేమే చెప్పాలి" అంది. అన్నేళ్ళ ఉద్యోగంలో నాకేమీ చేతకాదని అంతమంది ముందు నన్నన్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ మాట విని నేను శాలువా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, చలికి దగ్గుతున్నదాన్లా దగ్గుతూ వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.